ఎంపిక కాని విమానం

ఈ ఆదివారం వీలైతే కొండవీడు ఎక్కండి. చిలకలూరిపేట నుంచి వస్తారో, నరసరావుపేట నుంచి వస్తారో, ఫిరంగిపురం మీదుగా వస్తారో మీ ఇష్టం. ఘాట్ రోడ్డు పడ్డాక బండి మీదే పైదాకా వెళ్లిపోవచ్చు. చెరువుల దగ్గర సెల్ఫీలు అయిపోయాక, జనం పలచగా ఉన్న బురుజు ఒకటి చూసుకుని, అంచుకు కాస్త ఇవతలే నిలబడి కిందకు చూడండి. పత్తి చేలు, మిరప చేలు, దూరంగా హైవే మీద చీమల్లా లారీలు. ఇంతెత్తున రాళ్లు మోసి ఈ బురుజులు ఎందుకు కట్టారంటారు? చూడటానికి! శత్రువు మన గుమ్మంలోకి వచ్చాక కత్తి దూస్తే లాభం లేదు. మైదానంలో దుమ్ము లేస్తున్నప్పుడే పసిగట్టాలి. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని ఈ కొండ మీదకు మార్చుకున్నది అందుకే. అంత చూపు ఉన్న కోట కూడా 1515లో కృష్ణదేవరాయల చేతికి చిక్కింది, అది వేరే సంగతి.

ఈ పనికి మన భాషలో చక్కని మాట ఉంది: వేగు. ముందే వెళ్లి, చూసి, ప్రాణాలతో తిరిగొచ్చి, చూసింది చూసినట్టు చెప్పడం. విమానం కనిపెట్టాక సైన్యాలు దానితో చేయించిన మొదటి పని కూడా బాంబులు వేయడం కాదు, ఈ వేగు పనే. బురుజుకు రెక్కలు వచ్చాయి, అంతే.

ఇవాళ మీకు అలాంటి విమానం కథ ఒకటి చెప్పాలి. గెలిచిన విమానం కథ అయితే ఇంటర్నెట్‌లో మీకే దొరుకుతుంది. ఇది ఓడిపోయినది. ఇప్పుడెందుకంటారా? ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల సీజను మొదలైంది కాబట్టి.

1926. జపాన్ సైన్యం దగ్గరున్న నిఘా విమానం ఫ్రాన్స్ వాళ్ల సాల్మ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డిజైను, పాతబడిపోయింది. కొత్తది కావాలని సైన్యం కంపెనీలను అడిగింది. ఇద్దరు కూర్చోవాలి. ముందు పైలట్, వెనుక పరిశీలకుడు. వెనకాయన దగ్గర కెమెరా, తుపాకీ, కింద చూసింది రాసుకోవడానికి కాగితాలు. వేగంగా పోవాలి, ఎక్కువసేపు గాల్లో ఉండాలి, ఎత్తుకు వెళ్లాలి. ఈ మూడూ ఒకదానికొకటి పడని సవతులని విమానాలతో ఏ కాస్త పరిచయం ఉన్నవాళ్లకైనా తెలుసు. ఎక్కువసేపు ఎగరాలంటే ఇంధనం ఎక్కువ కావాలి, ఇంధనం పెరిగితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఎత్తు, వేగం తగ్గుతాయి.

కవాసాకి, మిత్సుబిషి, ఇషికవాజిమా బరిలోకి దిగాయి. మూడింటికీ వెనుక జర్మన్ బుర్రలే. యుద్ధంలో ఓడిన జర్మనీ మీద వైమానిక ఆంక్షలున్న రోజులవి. అక్కడి ఇంజనీర్లకు ఇంట్లో పని లేదు, జపాన్‌కు వాళ్ల చదువు కావాలి. మిత్సుబిషి తన నమూనాకు ‘టోబి’ అని పేరు పెట్టింది. జపాన్ భాషలో గద్ద అని. ఇషికవాజిమా విమానం పేరు ‘టి-2’. కవాసాకిది ‘కేడీఏ-2’, దాని రూపకర్త రిచర్డ్ వోక్ట్. 1927లో నమూనాలు ఎగిరాయి. 1928 ఫిబ్రవరిలో సైన్యం కవాసాకి విమానాన్ని ఎంచుకుని ‘టైప్ 88’ అని పేరు పెట్టింది. తర్వాత దాని బాంబర్ రూపంతో కలిపి వెయ్యికి పైగా తయారయ్యాయి. గద్ద వాలిపోయింది. టి-2 నమూనా దశ దాటలేదు.

మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. ‘విజేత కవాసాకి’ అని ఒక బిట్టు ప్రశ్న రాసుకుని పేజీ తిప్పేస్తాం. కానీ ఓడినవాళ్ల వెంట కాస్త నడిచి చూడండి.

ఇషికవాజిమాలో సాంకేతిక సలహాదారుగా పనిచేసిన జర్మన్ పేరు గుస్తావ్ లాఖ్‌మాన్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన విమానం నడపడం నేర్చుకుంటున్న కుర్రాడు. 1917లో గాల్లో విమానం ‘స్టాల్’ అయి కూలింది. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం అనుకుంటారు చాలామంది, కాదు. విమానం ముక్కు మరీ పైకెత్తితే రెక్క పైభాగాన్ని అంటుకుని పారాల్సిన గాలి ఊడిపోతుంది. అప్పటిదాకా మోస్తున్న రెక్క ఒక్కసారిగా చెక్కముక్క అయిపోతుంది. కుర్రాడు బతికాడు. ఆసుపత్రి మంచం మీద పడుకుని, అసలు నేనెందుకు పడిపోయాను అని ఆలోచించాడు. రెక్క ముందంచు దగ్గర సన్నని చీలిక పెడితే? కిందనుంచి గాలి ఆ సందులోంచి దూసుకొచ్చి, పైన ఊడిపోబోతున్న గాలికి ఊపునిచ్చి మళ్లీ రెక్కకు అతికిస్తుంది కదా?

1918లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. జర్మన్ పేటెంట్ కార్యాలయం తిరగ్గొట్టింది. రెక్కకు చిల్లు పెడితే మోసే శక్తి పెరుగుతుందా, ఎవరైనా నమ్మే మాటేనా అని. ఈలోగా ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ హ్యాండ్లీ పేజ్ అనే విమానాల తయారీదారు, ఈయన సంగతి బొత్తిగా తెలియకుండానే, అదే ఉపాయం కనిపెట్టి లోకానికి చూపించాడు. మీరైతే ఏం చేసేవారు? ‘నా ఐడియా కొట్టేశాడు’ అని స్టేటస్ పెట్టేవారేమో. లాఖ్‌మాన్ గొట్టింగెన్‌లో ప్రాంట్ల్ అనే మహా శాస్త్రవేత్త దగ్గర గాలి సొరంగంలో తన రెక్కను పరీక్షకు పెట్టించాడు. కొలతలు వచ్చాయి. పేటెంటు వచ్చింది. హ్యాండ్లీ పేజ్‌తో ఒప్పందమూ కుదిరింది. జపాన్‌లో పని ముగిశాక 1929లో ఆయన వెళ్లి చేరింది ఎక్కడనుకున్నారు? ఆ హ్యాండ్లీ పేజ్ కంపెనీలోనే!

గన్నవరంలోనో శంషాబాద్‌లోనో ఎయిర్‌బస్ దిగేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే రెక్క ముందంచు చూడండి. అది ముందుకు జరిగి కిందకు వంగుతుంది. ఇప్పుడు ‘స్లాట్’ అని పిలిచే ఆ ఏర్పాటు మూలం ఆ ఆసుపత్రి మంచం మీద ఉంది.

ఇక ఓడిన కంపెనీ. టి-2ను పక్కన పెట్టాక ఇషికవాజిమా మూత పడలేదు. పోటీలో తనను ఓడించిన టైప్ 88నే తన ఫ్యాక్టరీలో తయారు చేసి ఇచ్చింది. అవమానంగా అనిపించవచ్చు. కానీ ఎదుటివాడి డ్రాయింగులు చేతికి రావడం, వాడి విమానాన్ని నట్టు నట్టుగా బిగించడం కంటే పెద్ద కోచింగ్ ఏముంది? 1936లో ఆ కంపెనీ తచికావా అని పేరు మార్చుకుంది. దాని శిక్షణ విమానం కి-9 రెండు వేలకు పైగా తయారైంది. జపాన్ సైన్యంలో ఒక తరం పైలట్లు విమానం నేర్చుకున్నది దాని మీదే.

గెలిచిన వోక్ట్ సంగతి కూడా వినండి, లేకపోతే కథ సగమే. జర్మనీకి తిరిగి వెళ్లాక ఆయన ఇంకో నిఘా విమానం గీశాడు, బీవీ 141. ఇంజిన్ ఒక పక్క, మనుషులు కూర్చునే గాజు గది ఇంకో పక్క. చూసేవాళ్లు ఇదేం విమానమని నవ్వే ఆకారం. 1938లో ఎగిరింది, చక్కగానే ఎగిరింది. అయినా జర్మన్ వైమానిక దళం ఫోకె-వుల్ఫ్ వాళ్ల విమానాన్ని ఎంచుకుంది. 1928లో గెలిచినాయన పదేళ్లకు ఓడినవాళ్ల బెంచీ మీదకు వచ్చాడు.

మనకేంటి ఇదంతా అంటారా. ఉంది. టైప్ 88లు ఎగిరింది ప్రదర్శనల కోసం కాదు, మంచూరియా మీద, చైనా మీద. కింద ఉన్నది మనలాంటి రైతులే. ఆ తరం విమానాల మీద చేయి తిరిగిన జపాన్, 1942 ఏప్రిల్ 6న మన దాకా వచ్చింది. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. అప్పటి బాంబు ఒకటి ఇవాళ్టికీ విశాఖ మ్యూజియంలో ఉంది. దానికి రెండు రోజుల ముందు, సిలోన్‌కు దక్షిణాన సముద్రం మీద కెనడా పైలట్ లెనర్డ్ బర్చాల్ తన కాటలీనా నిఘా విమానంలోంచి జపాన్ పెద్ద నౌకాదళాన్ని చూశాడు. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే కూల్చేశారు. మూడేళ్లు యుద్ధఖైదీగా ఉన్నాడు. కానీ కబురు అందింది, కొలంబో మేలుకుంది. మన తీరానికి ఆ అదృష్టం లేదు, చూసి చెప్పే కన్ను సమయానికి లేదు. వేగు విమానం పడకుండా ఎగరడం ఒక ఎత్తు, అది చూసింది సమయానికి చెప్పడం ఇంకో ఎత్తు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. రాయదుర్గం దగ్గర మన సరిహద్దు దాటితే కర్ణాటకలో చళ్లకెరె ఎంతో దూరం కాదు. అక్కడ డీఆర్‌డీవో వాళ్ల విమాన పరీక్షా కేంద్రం ఉంది. మన దేశం సొంతంగా తయారు చేసుకున్న మానవరహిత నిఘా విమానం ‘తపస్’ పుట్టి పెరిగింది అక్కడే. దాని అన్న ‘రుస్తుం-1’ 2009 నవంబరులో హోసూరు దగ్గర పరీక్షలోనే కూలింది. పదకొండు నెలల తర్వాత, 2010 అక్టోబరులో ఎగిరింది. తపస్ తొలిసారి ఎగిరింది 2016 నవంబరు 15న. సైన్యం అడిగింది 30 వేల అడుగుల ఎత్తు, 24 గంటల సేపు. తపస్ చేరింది 28 వేల అడుగులు, 18 గంటలు. 2023 జూన్‌లో చిత్రదుర్గ నుంచి లేచి అరేబియా సముద్రం దాకా వెళ్లి, తన అదుపును ఐఎన్‌ఎస్ సుభద్ర అనే యుద్ధనౌకకు అప్పగించి, మళ్లీ క్షేమంగా ఇంటికి వచ్చింది. రెండు నెలలు దాటిందో లేదో, ఆగస్టు 20న, ఒక తపస్ చిత్రదుర్గ జిల్లాలో పొలాల్లో పడింది. చుట్టూ ఊరి జనం ఫోన్లు పట్టుకుని నిలబడిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 జనవరిలో, అడిగిన ఎత్తు, సమయం అందుకోలేదని ఆ ప్రాజెక్టును ప్రాధాన్య జాబితా నుంచి తప్పించారు.

అదే నెల 10న హైదరాబాద్‌లో నౌకాదళానికి ‘దృష్టి-10’ను ఆర్భాటంగా అప్పగించారు. ఇజ్రాయెల్ వాళ్ల హెర్మీస్ 900 డిజైను, తయారీ మన దగ్గర. 36 గంటలు గాల్లో ఉండగలదు. ఏడాది తిరిగిందో లేదో, 2025 జనవరిలో అలాంటిదే ఒకటి అప్పగింతకు ముందు పరీక్షల్లో పోర్‌బందర్ దగ్గర సముద్రంలో పడింది. కాబట్టి ‘మనవాళ్లది పడింది, బయటివాళ్లది అయితే పడదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. అలాగని తపస్ గొప్పగా పాసైంది, కుట్ర చేసి ఆపారు అనే వాట్సాప్ దేశభక్తినీ నమ్మకండి. 24 అడిగితే 18 వచ్చింది. అది లోటే. సరిహద్దులో కాపలా ఉన్న జవానుకు ఆ ఆరు గంటలు మాటలతో పూడవు.

అయితే ఆ 18 గంటలు ఎక్కడికీ పోలేదు. రుస్తుం-1 నుంచి ‘ఆర్చర్’ అనే చిన్న విమానం పుట్టింది. చళ్లకెరె రన్‌వే ఉంది, అదే రన్‌వే మీద 2022 జూలైలో తోకలేని ‘స్విఫ్ట్’ అనే ప్రయోగ విమానం తనంతట తాను ఎగిరి దిగింది. శ్రీహరికోటలో 1979లో పడి 1980లో లేచిన రాకెట్ కథ మీరు ప్రతి మోటివేషన్ క్లాసులో విని విని విసిగిపోయి ఉంటారు, నేను మళ్లీ చెప్పను. ఆ కథలో మనం ఎప్పుడూ మరిచిపోయేది ఒకటుంది. మధ్యలో గడిచిన ఆ పదకొండు నెలలు ఎవరో కూర్చుని, ఏ వాల్వు ఎందుకు మొరాయించిందో కాగితం మీద పెట్టారు. రుస్తుం విషయంలోనూ ఆశ్చర్యంగా అవే పదకొండు నెలలు.

ఇక అసలు మాట. కొన్నేళ్ల కిందట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. కాలేజీ పేరు అనవసరం. ఒకే రకం డ్రోను మూడు బల్లల మీద ఉంది. మూడూ బ్రహ్మాండంగా ఎగిరాయి. మోటారు ఎందుకు ఇదే వాడారు అని అడిగితే ముగ్గురూ ఒకే వాక్యం అప్పజెప్పారు, కామాతో సహా. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి. ఆమె డ్రోను నేల నుంచి జానెడు లేచి ఒరిగిపోయింది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది పాపం. పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఊరికే తిరగేశాను. తేదీలు, బరువులు. బ్యాటరీ మార్చినప్పుడల్లా మొత్తం బరువు ఎంత, మోటారు ఎంతసేపటికి కాలుతోంది, ఏ రెక్క ఏ రోజు విరిగింది. చివరి పేజీలో: ‘మొత్తం 2,140 గ్రాములు. 2 కిలోలు దాటితే రూల్స్‌లో కేటగిరీ కూడా మారిపోతుంది. ఫ్రేమ్‌లోనే 300 తగ్గించాలి. టైమ్ లేదు.’

నేను బహుమతి ఎవరికి ఇచ్చాను? ఎగిరిన వాటిలో ఒకదానికి. ప్రదర్శన కదా, ఎగరాలి కదా అనుకున్నాను. బస్సులో తిరిగొస్తుంటే గానీ నాకు వెలగలేదు, ఆ హాలు మొత్తంలో విమానం తయారుచేసింది ఆ అమ్మాయి ఒక్కతే అని. ఆ తప్పు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

మిగతా మూడు డ్రోన్లు ఎక్కడినుంచి వచ్చాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు, మీ హెచ్ఓడీకీ తెలుసు. అమీర్‌పేటలో, విజయవాడలో, గుంటూరులో ‘బీటెక్, ఎంటెక్ ప్రాజెక్టులు చేసివ్వబడును’ అనే బోర్డులున్నాయి. డబ్బు కడితే డ్రోను, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒకే సంచిలో పెట్టి ఇస్తారు. మీ తప్పు ఒక్కటే ఉందని అనను. ఎగరని దానికి మార్కులు వేయని మాలాంటి వాళ్లం, ల్యాబులో సామాను తాళం వేసి దాచే కాలేజీలు, మాకూ వాటా ఉంది. కానీ నష్టపోయేది మాత్రం మీరొక్కరే. నాలుగేళ్ల చదువులో మీ అంతట మీరు ఓడిపోయే అవకాశం వచ్చేది ఆ ఒక్క సెమిస్టరులోనే. దాన్నీ అమ్మేసుకుంటే ఎలా?

నోట్‌బుక్కులో ఏం రాయాలి అని అడిగేవాళ్లకు: మొదటి పేజీలో, ఇది ఏం చేయాలి అన్నది అంకెల్లో రాయండి. ‘పంట పొలాన్ని పర్యవేక్షించే డ్రోను’ అని కాదు. ‘అర కిలో కెమెరా మోస్తూ పన్నెండు నిమిషాలు ఎగరాలి’ అని. అడిగింది 24, వచ్చింది 18 అని తేల్చి చెప్పగలగాలంటే ముందు ఆ 24 ఎక్కడో రాసి ఉండాలి కదా. తర్వాత ప్రతి విడిభాగాన్నీ తూకం వేయండి, వంటింటి డిజిటల్ కాటా చాలు. మోటార్లన్నీ కలిపి ఎత్తగల బరువు మీ డ్రోను బరువుకు దాదాపు రెండింతలు ఉంటే గానీ గాలికి నిలబడదు. ఈ ఒక్క లెక్క వేయకపోవడం వల్లే చాలా డ్రోన్లు జానెడు లేచి ఒరిగిపోతాయి. పడిన ప్రతిసారీ ఫొటో తీయండి, వీడియో ఉంటే ఇంకా మంచిది. ఏం మార్చారో రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలియదు.

నిబంధనలు ఒకసారి చూసుకోండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్. నానోకు, వ్యాపారం కోసం కాని మైక్రోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మిగతా వాటికి పద్దెనిమిదేళ్లు నిండి, పది పాసై, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగనవసరం లేదు. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో మ్యాపులో చూడండి. కొండవీడు కోట మీద మాత్రం పురావస్తు శాఖ వాళ్లను అడక్కుండా ఎగరేయకండి.

ఉద్యోగాల మాట ఎత్తకపోతే ఈ పేజీకి మీరు ఊరుకోరు. డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బికి గేట్ స్కోరు అడుగుతారు, ఆపైన ఇంటర్వ్యూ. రక్షణ శాఖ 2018లో మొదలుపెట్టిన ఐడెక్స్‌లో స్టార్టప్‌లకు సైన్యం తన అవసరాలను సవాళ్లుగా ఇస్తుంది, నమూనా తయారీకి గ్రాంటూ ఉంటుంది. ఆ జాబితాలు చదవడానికి కంపెనీ పెట్టనక్కర్లేదు, ప్రాజెక్టు అంశానికి వాటిని మించిన గని లేదు. ఓర్వకల్లు దగ్గర డ్రోన్ల కేంద్రం కట్టే పనిలో రాష్ట్ర ప్రభుత్వం ఉంది. కర్నూలు దగ్గరే డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం కూడా ఉంది, 2025 ఏప్రిల్‌లో లేజర్‌తో ఎగిరే డ్రోనును కూల్చి చూపించింది అక్కడే. అందరూ ఎగరేసేవాళ్లే కానక్కర్లేదు సుమా. తెచ్చిన ఫొటోను చదివే పని ఉంది. అందులో తెగులు పట్టిన చేను ఏది, కొత్తగా వేసిన రోడ్డు ఏది అని పోల్చుకోవడం. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ దశాబ్దాలుగా చేస్తున్నది ఆ పనే. జాగ్రఫీ, సివిల్, అగ్రికల్చర్ చదివినవాళ్లు ఆ వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

ఇలాంటి చోట ఇంటర్వ్యూ బోర్డు మీ ప్రాజెక్టు గురించి అడిగే రెండో ప్రశ్న ‘ఎక్కడ ఇబ్బంది పడ్డారు?’ అన్నది కావచ్చు. కొనుక్కున్నవాడు అక్కడ తెల్లముఖం వేస్తాడు. వాడి డ్రోను ఎక్కడా ఇబ్బంది పడలేదు మరి.

పల్నాడు, గుంటూరు, బాపట్ల జిల్లాల విద్యార్థులకు ఒక విన్నపం. ఎగరని డ్రోను, ఉడకని సోలార్ కుక్కర్, నడవని రోబో, ఏదైనా సరే. అది ఏం చేయాలనుకున్నారు, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నది ఒక్క పేజీలో రాసి ఈ పేజీకి పంపండి. అంకెలు తప్పనిసరి. పడిపోయినప్పటి ఫొటో కూడా జత చేయండి. బాగున్నవి వరుసగా వేస్తాం. ఆ లాంగ్ నోట్‌బుక్ అమ్మాయి కంట ఇది పడితే, ఆ 300 గ్రాములు తగ్గాయో లేదో కూడా రాయాలి.